మోటారు మానిక

భోపాల్‌పట్నంలో మోటారు కారు నడిపిన మొదటి దొర్ల తెగవాడు ఇర్మా. రెండోవాడంటూ ఎవరూ లేరు, ఎందుకంటే ఇర్మా స్టీరింగు వదిలేనాటికి ఆ ఊళ్లో కారే మిగల్లేదు. బస్తర్ రాజ్యం ఇంకా రాజ్యంగానే ఉన్న రోజుల సంగతి ఇది. ఇందులో నేను చూసింది సగం, విన్నది సగం, నేను కలిపింది ఇంకో సగం. నాగపూర్ కాన్వెంటులో సిస్టర్లు నాకు లెక్కలు బాగానే నేర్పారు. తప్పు వాళ్లది కాదు.

కారు మా మేనమామ చెన్నకేశవులుది. ఆయన బజారులో షావుకారు. ఉప్పు, బట్ట, పొగాకు అమ్మేవాడు; దొర్లవాళ్లు అడవి నుంచి తెచ్చే సారపప్పు, చింతపండు, ఇప్పపువ్వు కొనేవాడు. ఆయన కొట్టులో ఒక విశేషం ఉండేది. సరుకు ఎప్పుడు చూసినా లెక్కకన్నా ఎక్కువే కనిపించేది. పది మానికలు కొని గదిలో పోస్తే, మర్నాటికి పదమూడుగా పెరిగేది. అదంతా లక్ష్మీదేవి కృప అని మామయ్య నమ్మేవాడు. ఆ నమ్మకంతోనే గోడకి దేవి పటం పెట్టి, రోజూ దానికి ఒకే ఒక్క అగరొత్తి వెలిగించేవాడు. రెండోది దండగ అనేవాడు.

ఇర్మా మొదట ఆయన ఎడ్లబండి తోలేవాడు. ఆ తర్వాత రోడ్డు సర్వే చేసే దొరలు వచ్చి ఇంద్రావతి ఒడ్డున రెండేళ్లు డేరాలు వేసుకున్నారు. ఇర్మా వాళ్ల లారీ కడిగే పనికి కుదిరి, కడుగుతూ కడుగుతూ దాన్ని నడపడం నేర్చుకున్నాడు. వాళ్లు వెళ్లిపోతూ ఒక పాత ఖాకీ టోపీ వదిలేసి పోయారు. అది ఇర్మా తలకి రెండు వేళ్లు పెద్దది. లోపల మోదుగాకు మడిచి పెట్టుకుని సరిచేసుకున్నాడు.

యుద్ధం మొదలవడానికి ఏడాది ముందు మామయ్య ఒక అడవి కాంట్రాక్టరు దగ్గర ఆ కారు కొన్నాడు. దానికి అప్పటికే రెండు దీపాల్లో ఒకటే వెలిగేది. ఇర్మా టోపీ పెట్టుకుని దాన్ని ఇంటికి నడిపించుకు వచ్చిన రోజు బజారు బజారంతా లేచి నిలబడింది. ఆ లేచి నిలబడటం తన కోసమేనని మామయ్య అనుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. షావుకారు కొట్టుకి వచ్చిన దొర్లవాడు మెట్టు కింద నిలబడాలి. కూర్చోవాల్సి వస్తే మట్టిలో, ఆయనకి ఎదురుగా తల వంచుకుని కూర్చోవాలి. అలాంటి ఊళ్లో ఇర్మా ఒక్కడే రోజూ మెత్తటి సీటు మీద, షావుకారుకన్నా ముందు, షావుకారుకి వీపు పెట్టి కూర్చునేవాడు. పైగా ఆయన ఎటు పోవాలన్నా ఇర్మా చెయ్యి తిప్పితేనే పోవాలి. ఆ సీటు విలువ ఇర్మాకి తెలుసు. మామయ్యకి తెలియదు. తెలిసి ఉంటే వెనక్కి తిరిగి నడిపే కారు కొనేవాడు.

యుద్ధం మూడో ఏడు వచ్చేసరికి పెట్రోలుకి కూపన్లు పెట్టారు. జగదల్‌పూర్ కచేరీ నుంచి నెలకి ఇన్ని డబ్బాలని కాగితం వచ్చేది. అప్పటిదాకా ఉప్పు బస్తాలని కాపలా కాసిన మామయ్య ఇప్పుడు పెట్రోలుని కాపలా కాయడం మొదలుపెట్టాడు. సాయంత్రం కారు ఇంటికి రాగానే రబ్బరు గొట్టం పెట్టి ట్యాంకులో మిగిలిందంతా పీల్పించేవాడు. మానికతో కొలిచి, డబ్బాల్లో పోసి, గదిలో పెట్టి, తాళం చెవి మొలతాడుకి కట్టుకునేవాడు. పొద్దున మళ్లీ తాళం తీసి, మానికతో కొలిచి, ట్యాంకులో పోయించేవాడు. పోసినదాంట్లోంచి మిగిలింది తీసేస్తే కారు తాగింది ఎంతో తేలుతుందని ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కారు అమ్మేటప్పుడు కాంట్రాక్టరు మానికకి అయిదు మైళ్లు గ్యారంటీ అని నమ్మబలికాడు. మామయ్య లెక్కలో అది నాలుగు మైళ్లు కూడా నడవలేదు. అప్పుడు ఆయనకి ఒక జ్ఞానం కలిగింది. బరువెక్కువైతే ఎద్దులు ఎక్కువ మేస్తాయి, కారు కూడా అంతే. ఎలాగూ ఎండాకాలమే కదా అని మొదట కారు టాపు పీకించాడు. తర్వాత తలుపులు నాలుగూ ఊడదీయించాడు. ఆ తర్వాత వెనక సీటు కింది రేకుతో సహా తీయించి దాని బదులు నులక కుర్చీ ఒకటి కట్టించాడు. అదనపు చక్రం ఇంట్లో పెట్టించాడు. హారను కూడా విప్పించి, ఎవరైనా అడ్డం వస్తే అరవడానికి నోరుంది కదరా అని ఇర్మాకి గుర్తుచేశాడు.

అంతటితో ఆగలేదు. కొట్టు ముందు చింతపండు తూచే కాటా వేలాడుతుండేది. కారెక్కేవాళ్లు ముందుగా ఆ కాటా ఎక్కాలని రూలు పెట్టాడు. బీజాపూర్‌లో పెళ్లికి పోవాల్సిన చుట్టాలు ఇద్దరు కాటా ఎక్కి, బరువెక్కువ తేలి, చెప్పులూ పెళ్లికని తెచ్చిన లడ్డూలూ కొట్టులో వదిలేసి వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేసరికి చెప్పులు మాత్రం ఉన్నాయి. ఇర్మాని కూడా టోపీ తీయించి తూచాడు. మోదుగాకు విడిగా తూచాడని కొందరంటారు, అది నేను చూడలేదు. మా అత్తయ్య మహాలక్ష్మి వంతు వచ్చినప్పుడు ఆమె కాటా వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది.

“నేనేమన్న చింతపండునా?” అని అడిగి, నడుచుకుంటూ పోయి కారులో కూర్చుంది. ఆమెని దింపే ధైర్యం ఎవరికీ లేదు.

మామయ్య తన బరువు మాత్రం ఎప్పుడూ తూచుకోలేదు. బండి ఎవరిదో వాళ్ల బరువు బండికి తెలియదని ఆయన సిద్ధాంతం. ఆయన కూర్చుంటే నులక కుర్చీ నేలని ముద్దు పెట్టుకునేంత కిందికి దిగేది. దారిలో ఉన్న గులకరాళ్లన్నీ ఆయనకి ఒక్కొక్కటిగా పరిచయం అయ్యాయి.

ఇన్ని చేసినా మానికకి నాలుగు మైళ్లు దాటలేదు. ఇక ఇర్మా తన పని మొదలుపెట్టాడు. అతనికి ఎడ్లని తోలిన చెయ్యి. ఎద్దుని కొట్టి పరిగెత్తిస్తే కుండెడు నీళ్లు ఎక్కువ తాగుతుందని అతనికి తెలుసు. కారు విషయం కూడా అంతేనని తనలో తను అనుకున్నాడు. కాలి కింది పెడలు మీద కోడిగుడ్డు ఉన్నట్టు తొక్కేవాడు. మలుపు వచ్చాక బ్రేకు వెయ్యడం కాక, మలుపు రాకముందే కాలు తీసేసేవాడు. టైర్లలో గాలి తగ్గితే కారు బురదలో ఎద్దులా ఈడుస్తుందని రోజూ పొద్దున పంపు కొట్టేవాడు. ప్లగ్గులు విప్పి మసి గీకేవాడు. గాలి పీల్చే జల్లెడ దుమ్ముతో మూసుకుపోతే దులిపి, కిరసనాయిలుతో కడిగి పెట్టేవాడు. ఎండ ఎక్కకముందే బయల్దేరేవాడు. వాగులో దిగే ముందు నిలబడి, ఎక్కడ ఇసుక గట్టిగా ఉందో కాలితో తొక్కి చూసుకునేవాడు.

దిగుడు వస్తే ఇంజను ఆపేసేవాడు. బ్రేకులు ఎలా ఉండేవో నేను చెప్పను, మీరలా ఎవరూ చేయకండి. కానీ ఇర్మా బీజాపూర్ దారిలో ప్రతి దిగుడునీ తన ఇంటి గడపలా ఎరుగును. ఒకరోజు అలా ఇంజను ఆపి దిగుతుంటే మలుపులో పులి పడుకుని ఉందట. చప్పుడు లేకుండా వస్తున్న కారుని చూసి అది లేచి, ఒళ్లు విరుచుకుని, పక్కకి జరిగి దారిచ్చిందట. వెనక నుంచి మామయ్య అది పులి అని తెలియక, ఎవడిదిరా ఆ పశువు, కట్టేసుకోలేడా అని తిట్టాడట. ఇది ఇర్మా చెప్పింది. పులిని అడిగే వీలు నాకు చిక్కలేదు.

కారు నిజంగానే బాగుపడింది. ఇదివరకు బీజాపూర్ పోయివస్తే ట్యాంకు అడుగున తడి మాత్రమే మిగిలేది. ఇప్పుడు పుల్ల ముంచి చూస్తే రెండు వేళ్ల ఎత్తున తడి కనిపించేది. కానీ విచిత్రం చూడండి. సాయంత్రం మామయ్య పీల్పించి కొలిస్తే ఆ మిగులు మానికల్లో తేలేది కాదు. పుల్ల ఒకటి చెప్పేది, మానిక ఇంకొకటి చెప్పేది. ఇర్మా ఎంత ఎక్కువ మిగిలిస్తే అంత ఎక్కువ మాయమయ్యేది.

మామయ్యకి అనుమానం వచ్చింది. ఆయనకి అనుమానం వస్తే తొందరగా పోదు, నిజం వచ్చాక కూడా పక్కన కూర్చుంటుంది. ఇర్మా దారిలో పెట్రోలు అమ్ముకుంటున్నాడని తేల్చాడు. ఎవరికి అమ్ముతాడని అత్తయ్య అడిగింది. వంద మైళ్ల మేర కారున్నది మామయ్య ఒక్కడికే కదా. అయితే తాగుతున్నాడన్నాడు మామయ్య. మర్నాడు ఇర్మాని దగ్గరికి పిలిచి నోరు వాసన చూశాడు.

“తాగాలంటే మా ఇంట్ల ఇప్పసారా లేదా సావుకారీ? గీ కంపుదెందుకు తాగుత?” అన్నాడు ఇర్మా.

“నువ్వు తాగకుంటే, అమ్మకుంటే, యాడికి పోతుందిరా మరి?”

ఇర్మా పోయి ట్యాంకులో మళ్లీ పుల్ల ముంచి చూశాడు.

అప్పుడు మామయ్య తీర్పు చెప్పాడు. వరంగల్లు వైపు పొగాకు వ్యాపారి ఒకడు కారు కొంటానని కబురు పెట్టాడు. వచ్చే ఆదివారం సంతనాడు, పదిమంది ఎదుట, పటేలు సాక్షిగా మామయ్య పెట్రోలు కొలిచి పోస్తాడు. ఇర్మా బీజాపూర్ పోయి రావాలి. తిరిగొచ్చాక అందరి ముందూ కొలుస్తాడు. మానికకి అయిదు మైళ్లు వచ్చిందా సరే. రాలేదా, కారు వరంగల్లుకి, ఇర్మా మళ్లీ ఎడ్ల దగ్గరికి, అదీ దొంగ అన్న పేరుతో. సంత అంతా చూస్తుండగా సీటు దిగి, టోపీ తీసి మెట్టు మీద పెట్టాలి.

ఇర్మా ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి అన్నం ముట్టలేదు. పెళ్లాం సోమి గుమ్మం ముందు రాయి మీద సారగింజలు కొట్టి పప్పు తీస్తోంది. సోమి మాటలు తక్కువ మనిషి కాదు. మొగుడి మొహం చూసి ఏంది సంగతని అడిగింది. ఇర్మా అంతా చెప్పాడు. పుల్ల మాట, మానిక మాట కూడా చెప్పాడు.

సోమి రాయి పక్కన పెట్టింది.

“పొద్దుగాల ఏ మానికతోని పోస్తడు?”

“కొట్టుల మానికతోని.”

“కొట్టుల రెండున్నయి గదయ్యా. పెద్దమ్మతోనా, చిన్నమ్మతోనా?”

ఇది భోపాల్‌పట్నం సంతలో ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతి. మామయ్య కొట్టులో రెండు ఇత్తడి మానికలు రెండు మేకులకి వేలాడేవి. ఎడమ మేకుది అమ్మే మానిక. చూడటానికి నిండుగా ఉంటుంది కానీ అడుగు లోపలికి ఎత్తుగా పోతపోసి ఉంటుంది. కుడి మేకుది కొనే మానిక. దానికి పొట్ట ఉంటుంది. ఆడవాళ్లు ఉప్పు కొనేటప్పుడు చిన్నమ్మ, వాళ్లు పప్పు అమ్మేటప్పుడు పెద్దమ్మ. మూడు చిన్నమ్మలు కలిపి పోస్తే పెద్దమ్మలో మూడు కాదు కదా, రెండుంబావు తేలేది. ఆడవాళ్లు వాటికి పేర్లు పెట్టుకుని, పాటలు కట్టుకుని, తిట్టుకుంటూ వాటితోనే బేరం చేసేవాళ్లు. ఇంకో కొట్టుకి పోదామంటే ఇంకో కొట్టు ముప్పై మైళ్లు.

పొట్ట ఉన్న మానికా, అడుగెత్తు మానికా మామయ్యకి తండ్రి నుంచి వచ్చాయి. ఆ తండ్రికి ఆయన తండ్రి నుంచి. ఇచ్చేది దీనితో, పుచ్చుకునేది దానితో అని పలకా బలపం పట్టకముందే చేతికి నేర్పారు. ముప్పై ఏళ్లుగా ఆయన చెయ్యే ఆ పని చేస్తోంది. ఆయన దాకా ఆ సంగతి వెళ్లడం ఎప్పుడో మానేసింది.

మర్నాడు పొద్దున ఇర్మా కారు తుడుస్తున్నట్టు నటిస్తూ చూశాడు. పెట్రోలు ఇవ్వడానికి మామయ్య చెయ్యి ఎడమ మేకు మీదికి పోయింది. సాయంత్రం పెట్రోలు పుచ్చుకోవడానికి అదే చెయ్యి, ఆయన అటు చూడకుండానే, కుడి మేకు మీదికి పోయింది. లోకాన్ని మోసం చేసినవాళ్లు చాలామంది ఉంటారు. తన ఇంటి గదిలోంచి తన కారులోకీ, తన కారులోంచి తన ఇంటి గదిలోకీ కొలతలో దొంగతనం చేసుకున్న మనిషిని నేను మా మామయ్యని ఒక్కణ్ణే చూశాను. గదిలో పెట్రోలు డబ్బాలు లెక్కకన్నా నిండుగా ఉన్నాయని ఆయన గమనించకపోలేదు. అదీ లక్ష్మీదేవి కృపే అనుకున్నాడు.

సంగతి తెలిసింది కానీ ఇర్మాకి దిగులు ఎక్కువైంది. నీ మానికలు దొంగవని షావుకారుతో అంటే ఆ సీటు ఆదివారం దాకా కూడా ఉండదు. ఆ నిమిషమే దిగాలి. అనకపోతే ఆదివారం దిగాలి. రెండు దారులూ ఎడ్ల దగ్గరికే పోతున్నాయి. సోమికి అదే చెప్పాడు.

సోమి చాటలో పప్పు చెరుగుతూ విన్నది.

“నువ్వేం జెప్పకు,” అంది. “కొలువుమను.”

ఆదివారం సంత నిండుగా ఉంది. సారపప్పు రోజులు కావడంతో పామేడు వైపు నుంచి కూడా జనం కావళ్లు మోసుకుని వచ్చారు. మామయ్య ఉతికిన పంచె కట్టి, కొట్టు మెట్టు మీద నిలబడ్డాడు. పటేలు హుంగాని పిలిచి మంచం వేయించాడు. హుంగా ముసలివాడు, ఒక చెవి వినపడదు. ఏ చెవి అన్నది ఆయన ఇష్టాన్ని బట్టి మారేది. మామయ్య జనానికి సంగతంతా వివరించి, పెట్రోలుకి కాళ్లు రావు కదా అని ముగించాడు. ఇర్మా సీట్లో కూర్చుని ఉన్నాడు. టోపీ కింద చెమట చెవుల మీదికి కారుతోంది.

మామయ్య చెయ్యి ఎడమ మేకు మీదికి పోయింది. చిన్నమ్మతో ఇరవై మానికలు గట్టిగా లెక్కపెడుతూ ట్యాంకులో పోశాడు. జనం ఆయనతో పాటు లెక్కపెట్టారు. పోయడం అయ్యాక, ఇక పో అన్నాడు.

ఇర్మా కదల్లేదు.

“ఒక్క మాట సావుకారీ,” అన్నాడు. “నా మీద దొంగ పేరున్నది. పోకముందే నీ సొత్తు ఒక్కపారి తిరిగి తీస్కో. అందరి ముంగట కొలిచి తీస్కో. సరిగుంటె మల్ల పోయి. గప్పుడు పోత.”

మామయ్యకి అందులో తప్పేమీ కనిపించలేదు. వీడు భయంతో జాగు చేస్తున్నాడని అనుకున్నాడు. పటేలు వైపు చూస్తే పటేలు తల ఊపాడు. రబ్బరు గొట్టం తెప్పించాడు. తిరిగి పుచ్చుకోవడమే కదా. చెయ్యి దానంతట అది కుడి మేకు మీదికి పోయింది.

ఒకటి, రెండు, మూడు అని జనం మళ్లీ లెక్క మొదలుపెట్టారు. పది దగ్గర ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు మొదలైంది. పదమూడు దగ్గర మగవాళ్లు లెక్క ఆపేశారు. పదిహేనో మానిక పోశాక గొట్టం నుంచి చుక్క, ఇంకో చుక్క, తర్వాత గాలి వచ్చాయి.

మామయ్య మానిక పట్టుకుని నిలబడిపోయాడు. కారు అంగుళం కదల్లేదు. ఇంజను కూడా పెట్టలేదు. నిలబడ్డ చోటే అయిదు మానికలు తాగింది.

“ఎండకి,” అన్నాడు. “పెట్రోలు కదా. ఎండకి ఆవిరైతది.”

కుండలు అమ్మే ఉప్పలమ్మ ముందుకి వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి. షావుకారు తాతకి కూడా ఆమె పప్పు అమ్మిందని చెప్పుకునేవాళ్లు. నేను చెప్పే కథల్లో ఆమె వయసు కొంచెం పెరుగుతూ ఉంటుంది.

“మా సారపప్పు గూడ గట్లనే ఆవిరైతదా సావుకారీ? ఇంటికాడ ఇరువై, నీ కొట్టుల పదిహేను. ఎండ నీ కొట్టులనే కొడ్తదా?”

ఎవరూ గట్టిగా నవ్వలేదు. అందుకే ఆ మాట ఎక్కువ వినపడింది. పటేలు హుంగా మంచం మీద ముందుకి వంగి, ఈ పదిహేనునీ మళ్లీ ఇందాక పోసిన మానికతో కొలవమన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన రెండు చెవులూ బాగానే పనిచేస్తున్నట్టు కనిపించాయి. మామయ్య కదల్లేదు. కొలిస్తే మళ్లీ ఇరవై అవుతుందని ఆయనకి ఆ క్షణంలో తెలిసింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి చెయ్యి చేస్తున్న పని తల దాకా వెళ్లింది. ఎడమ మేకు చూశాడు, కుడి మేకు చూశాడు. మానికలు రెండూ ఒకటే అనాలంటే కారు నిలబడి తాగుతుందని ఒప్పుకోవాలి. కాదంటే ఇంకేదో ఒప్పుకోవాలి.

ఆయన్ని కాపాడింది అత్తయ్యే. కాపాడటం అనే మాట సరైనదో కాదో మీరే చూడండి. ఇంట్లోంచి వంటకి బియ్యం కొలిచే ఇనప మానిక పట్టుకొచ్చి కొట్టు అరుగు మీద ఠక్కుమని పెట్టింది.

“ఇది మన కడుపుకు కొలిచేది. దీంతోని పోయండి, దీంతోనే తీయండి,” అంది.

ఆ ఇంట్లో సరైన కొలత అదొక్కటే. మా కుటుంబం తన కడుపు దగ్గర మాత్రం ఎప్పుడూ మోసం చేసుకోలేదు.

ఇనప మానికతో పోశారు. ఇర్మా బయల్దేరాడు. పెడలు మీద ఒక గుడ్డు కాదు, పొదిగే పెట్టే ఉన్నట్టు తొక్కాడు. మధ్యలో ఒక చిన్న ఎక్కుడు దగ్గర దిగి, కారుని బతిమాలి ఎక్కించాడని సోమి తర్వాత చెప్పేది. సంత విడిపోలేదు. సాధారణంగా మూడు గంటలకి ఖాళీ అయ్యే సంతలో జనం బుట్టల మీద కూర్చుని దారి వైపు చూస్తూ ఉండిపోయారు. మామయ్య కూడా చూశాడు. జన్మలో మొదటిసారి ఆయన తన కారు ఎక్కువ తాగాలని కోరుకున్నాడు.

నాలుగున్నరకి దుమ్ము కనిపించింది. పీల్చి, అదే మానికతో కొలిచి, పటేలు వేళ్ల మీద లెక్క వేశాడు. నేను కాగితం మీద వేశాను. ఇద్దరికీ ఒకటే తేలింది. మానికకి అయిదు మైళ్లు కాదు, అయిదూ ముప్పావు.

ఇర్మా సీటు దిగలేదు. టోపీ తీశాడు, పాత మోదుగాకు తీసి కొత్తది మడిచి పెట్టాడు, టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. అంతే.

 మామయ్య రెండు రోజులు ఆలోచించి చివరికి తనకి నచ్చిన అర్థం ఒకటి తీసుకున్నాడు. కారు బాగుపడింది తను తలుపులు పీకించినందువల్లే అని. జగదల్‌పూర్ కచేరీలో గుమాస్తాలకి ఈ విద్యని గంటసేపు వివరించాడు. వాళ్లలో ఒకాయన తన సైకిలుకి మడ్‌గార్డులు పీకించుకున్నాడని విన్నాను. వానాకాలంలో ఆయన వీపు చూసినవాళ్లు అది నిజమే అన్నారు.

ఇనప మానికకి ఎర్ర రంగు వేయించి, గోడకి మూడో మేకు కొట్టించి, దాన్ని అక్కడ తగిలించాడు. అది మోటారు మానిక. కారుకి మాత్రమే. పక్కన చిన్నమ్మా పెద్దమ్మా ఎప్పటిలాగే వేలాడాయి. ఇంత జరిగాక కూడానా అని మీరు అనుకోవచ్చు. మామయ్య దృష్టిలో కారు ఇంటిమనిషి. సంత వేరు.

తర్వాతి ఆదివారం మొదట కొట్టుకి వచ్చింది సోమి. సారపప్పు బుట్ట దించింది. మామయ్య చెయ్యి కుడి మేకు మీదికి పోతుంటే ఆపింది.

“ఎర్రదానితోని కొలువు సావుకారీ.”

అది మోటారుది, పెట్రోలు వాసన కొడుతుందని ఆయన అన్నాడు.

“కొడ్తె కొట్టనీ. పప్పు నీకే గద పోయేది. వాసన నీకే. మాకేమాయె.”

ఆమె వెనక ఉప్పలమ్మ, ఉప్పలమ్మ వెనక నందే అనే ఆవిడ, ఆమె వెనక పామేడు నుంచి వచ్చిన ఇరవైమంది. అందరూ బుట్టలు దించి మూడో మేకు వైపే చూస్తున్నారు. కొట్టు బయట రోడ్డు మీద కారులో ఇర్మా అటు తిరిగి కూర్చుని స్టీరింగు తుడుచుకుంటున్నాడు.  పోయిన ఆదివారం ఆ కారు దగ్గర ఏం జరిగిందో అందరూ చూసినవాళ్లే. ఇంకో కొట్టు ముప్పై మైళ్లు కావచ్చు, కానీ ఆ దారి వాళ్లు నడిచిన దారే, కావాలంటే మళ్లీ నడవగలరు. మామయ్య ఎర్ర మానిక అందుకున్నాడు.

ఆ ఏడాది భోపాల్‌పట్నం నుంచి వరంగల్లు పోయిన సారపప్పు అంతా పెట్రోలు వాసన కొట్టింది. దాంతో చేసిన మిఠాయి తిన్న వరంగల్లు పెద్దమనుషులు నిప్పుకి దూరంగా కూర్చునేవాళ్లట. కొట్టులో సరుకు పెరగడం ఆగిపోయింది. లక్ష్మీదేవి అలిగిందని మామయ్య బాధపడి రెండో అగరొత్తి కూడా వెలిగించాడు. ఉపయోగం లేకపోయింది.

కారు వరంగల్లు వ్యాపారికి పోలేదు. ఇర్మా దాన్ని ఇంకో అయిదేళ్లు నడిపాడు. రాజ్యం భారతదేశంలో కలిసిపోయిన ఏడాదే అది ఒక వాగులో ఆగిపోయి మళ్లీ లేవలేదు. దానిలో అప్పటికి మిగిలింది ఇంజనూ, చక్రాలూ, ముందు సీటూ. మామయ్య ఆ అయిదేళ్లూ నులక కుర్చీలోనే, ఇర్మా వీపు చూస్తూ తిరిగాడు. ప్రతి సాయంత్రం ఇల్లు చేరగానే అలవాటుగా, ఇవాళ ఎంత తాగిందిరా అని అడిగేవాడు.

ఇర్మా వెనక్కి తిరిగేవాడు కాదు.

“కదిలినంత తాగింది సావుకారీ,” అనేవాడు.